బదిలీ హాజరు

ఆ రోజు పొద్దున కొమురయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. బర్రెకు కుడితి పెట్టాలి, జొన్నరొట్టె తినాలి, కంపెనీ బస్సు ఊరి కమాను దగ్గరికి వచ్చేలోగా ఒక బీడీ కాల్చాలి. వీటిలో బీడీ ఒక్కటే జరిగింది. అదీ సగమే. మిగతా సగం నోట్లో ఉండగానే లోపలి నుంచి తల్లి నర్సింహమ్మ కేక వేసింది.

"ఓరి కొమురిగా! ఆ బీడీ పారేసి ఇటు రారా! పిల్లకు ఆటలమ్మ వోసింది!"

కొమురయ్య లోపలికి ఉరికాడు. చాప మీద కూతురు నాగరత్నం దుప్పటి కప్పుకుని కూర్చుంది. ముఖం నిండా, చేతుల నిండా నీటిపొక్కులు. పట్నం డాక్టర్లు దానికి ఏ పేరైనా పెట్టుకోనీ, గుమ్మడిదల వైపు ఊళ్ళలో ఆటలమ్మ రోగం కాదు, చుట్టం. చుట్టం వచ్చిందని దవాఖానకు పోయేవాళ్ళు ఎవరుంటారు? చూస్తుండగానే నర్సింహమ్మ గడపకు వేపకొమ్మలు కట్టించింది, ఇంట్లో పోపు వాసన రాకూడదని కోడలు అరుణమ్మకు హుకుం జారీ చేసింది.

నాగరత్నం వెక్కివెక్కి ఏడుస్తోంది.

"గోక్కోకు బిడ్డా, మచ్చలు వడ్తయి," అన్నాడు కొమురయ్య.

"మచ్చలు వడితే వడనీ నాయినా! నా హాజరు వాయె!"

నాగరత్నం పటాన్‌చెరులో డిగ్రీ చదువుతోంది. ఆ వాడకట్టులో పదో తరగతి దాటిన ఆడపిల్ల ఆమె ఒక్కతే. చదివిస్తున్నది మాత్రం కొమురయ్య కాదు, కంపెనీలు. చుట్టుపక్కల ఊళ్ళ బావినీళ్ళు పసుపురంగుకు తిరిగాక జనం రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ళను లేపడానికి కంపెనీలన్నీ కలిసి ఒక ట్రస్టు పెట్టి, ఊళ్ళ పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తామన్నాయి. అయితే ఊరికే ఇవ్వరు. నూటికి డెబ్బై అయిదు హాజరు ఉండాలి. కాలేజీ పెట్టే ఏ పరీక్షా తప్పకూడదు. రెండింట్లో ఏది తగ్గినా స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. ఆగిపోయింది మళ్ళీ రాదు.

ఆగిపోతే నాగరత్నం బొల్లారంలో మందు గోలీల ప్యాకింగుకు పోవాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ప్యాకింగు కాంట్రాక్టరు మాత్రం అప్పుడప్పుడు ఇంటి ముందు స్కూటరు ఆపి, "బిడ్డ సదువు ఎందాక వచ్చింది?" అని ప్రేమగా అడిగి పోతూనే ఉన్నాడు.

ఆ మర్నాటి నుంచి దసరా సెలవులు. అర్ధ సంవత్సరపు హాజరు లెక్క ఆ రోజుతో మూసేస్తారు. బస్సు రాని రోజులు, వచ్చినా ఆగని రోజులు, ఆగినా ఎక్కడానికి జాగా లేని రోజులు తీసేస్తే నాగరత్నం హాజరు సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. ఈ ఒక్క రోజు తప్పితే గీత కిందికి జారుతుంది.

"డాక్టర్ చీటీ ఉంటే ఒక దినం మాఫీ చేస్తరు నాయినా," అంది నాగరత్నం ముక్కు తుడుచుకుంటూ.

నర్సింహమ్మ ఇంతెత్తున లేచింది. "ఏమని రాస్తడే చీటీ? అమ్మోరిని రోగమని రాస్తడా? ఆమెకు గిన కోపమొస్తే నీ ఇస్కాలర్‌సిప్పు కాదు, కండ్లు పోతయి! డాక్టర్ పేరు ఈ గడప లోపట ఎత్తినోళ్ళ నాలికె కోస్త!"

డాక్టర్ సంగతి అలా ముగిసింది. కొమురయ్య కూతురి పక్కన గొంతుక్కూర్చుని బుర్ర గోక్కున్నాడు. అతని బుర్ర పెద్దది కాదు గానీ, దానికి అలవాటైన దారి ఒకటి ఉంది.

కొమురయ్య ఏండ్ల తరబడి బొల్లారంలో ఒక మందుల కంపెనీలో బదిలీ మనిషి. బదిలీ మనిషంటే, పర్మినెంటు మనిషి రాని రోజున అతని పేరు మీద పనికెక్కేవాడు. ఆ బదిలీ మనిషికే జ్వరం వస్తే అతని తమ్ముడు పోతాడు. తమ్ముడికి పెళ్ళి పనులుంటే బామ్మర్ది పోతాడు. గేటు దగ్గర సూపర్‌వైజరు తలకాయలు లెక్కపెడతాడు తప్ప ముఖాలు చూడడు. మల్లన్న అనే ఆయన పేరు మీద వాళ్ళ చిన్నాయన కొడుకు ఏడాది పాటు పనిచేస్తే, ఉత్తమ కార్మికుడని మల్లన్నకు స్టీలు టిఫిను డబ్బా ఇచ్చారు. మల్లన్న సిగ్గుపడకుండా పోయి తెచ్చుకున్నాడు. కొమురయ్యకు తెలిసినంతలో హాజరంటే ఫలానా మనిషి ఉండటం కాదు, ఫలానా జాగా ఖాళీగా లేకపోవడం.

"కాలేజీల హాజరు ఎట్ల తీస్కుంటరు బిడ్డా? పేరు వెట్టి పిలుస్తరా?"

"పేర్లు ఎవలికి యాదుంటయి నాయినా? నంబరే. నాది నలభై రెండు."

"పిలిచినాయన మొకం చూస్తడా?"

"సూర్యారావు సారా? ఆయన తల ఎత్తంగ నేనైతే చూడలె. ఎందుకు నాయినా?"

"ఏం లేదు. పండుకో బిడ్డా. నీ హాజరు యాడికి పోదు."

జ్వరం మత్తులో నాగరత్నం కళ్ళు మూసుకుంది. మెలకువగా ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది.

కొమురయ్య గోడ దూకి పక్కింటికి పోయాడు. అది అరుణమ్మ తమ్ముడు యాదగిరి ఇల్లు. యాదగిరి షేరింగ్ ఆటో నడుపుతాడు. అప్పుడే ఆటో తుడుచుకుంటున్నాడు.

"బామ్మర్ది, ఇయ్యాల నా పేరు మీద డ్యూటీకి పో."

"నువ్వేడికి పోతున్నవ్ బావా?"

"నాగరత్నం పేరు మీద కాలేజీకి."

యాదగిరి గుడ్డ కింద పడేశాడు. నవ్వబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు. "మరి కంపెనీల నన్నేమన్న అడిగితే?"

"ఏం అడిగినా ఊ అను. నిలవడమన్న కాడ నిలవడు. సంతకం అంటే నా పేరు గీకు. నోరు మాత్రం తెరువకు. నీకు నోరు తెరిస్తే మూసుడు రాదు."

"మరి నా ఆటో?"

ఆటో కిష్టప్పకు ఇచ్చారు. కిష్టప్ప పటేల్ల ట్రాక్టరు తోలేవాడు. ట్రాక్టరు తోలినవాడికి ఆటో ఎంత అన్నాడు కొమురయ్య. మరి నా బర్రెను ఎవరు పిండుతారన్నాడు కిష్టప్ప. అరుణమ్మ చెంబు పట్టుకుని పోయింది. కిష్టప్ప బర్రె అరుణమ్మ చెయ్యి తగలగానే వెనక్కి తిరిగి ముఖం చూసింది. చూసి చెంబును ఒక్క తన్ను తన్నింది. ఆ రోజు ఊరు ఊరంతటిలో బదిలీ మనిషిని ఒప్పుకోనిది ఆ బర్రె ఒక్కటే. దాన్ని చూసి ఎవరూ బుద్ధి తెచ్చుకోలేదు.

కొమురయ్యను ఎక్కించుకుని కిష్టప్ప ఆటోను ట్రాక్టరు లాగే నడిపాడు. అంటే రోడ్డు నడిమధ్యన, ఎవరి మాటా వినకుండా. బొల్లారంలో దిగవలసిన షిఫ్టు కూలీలు "ఆపు, ఆపు" అని మొత్తుకున్నారు. ట్రాలీలో ఉన్నవాళ్ళ కేకలు పట్టించుకోవడం కిష్టప్పకు అలవాటు లేదు. వాళ్ళందరినీ పటాన్‌చెరు దాకా తెచ్చి, కాలేజీ గేటు ముందు దించి, అందరి దగ్గరా కిరాయి అడిగాడు. వాళ్ళు ఇచ్చింది కిరాయి కాదు. ఆ గలాటా నుంచి తప్పించుకుని కొమురయ్య గేటు లోపలికి నడిచాడు.

పెళ్ళిళ్ళకు కట్టే తెల్ల ధోవతి కట్టుకున్నాడు. ఇస్త్రీ అంగీ తొడిగాడు. భుజం మీద కొత్త తువ్వాల. డ్యూటీ కొత్త జాగాలో పడ్డప్పుడు మనిషి శుభ్రంగా పోవాలని అతని నమ్మకం. క్లాసులోకి పోయి, "నలభై రెండో నంబరు ఏడ కూసుంటది?" అని అడిగాడు. ఆడపిల్లలు వెనక బెంచీ చూపించారు. ఆ బెంచీ చివర, తనకూ పక్క అమ్మాయికీ మధ్య తువ్వాల సరిహద్దుగా పరిచి కూర్చున్నాడు.

"పెద్దనాయినా, ఎవలు గావాలె మీకు?" అంది పక్క పిల్ల.

"ఎవలొద్దు బిడ్డా. హాజరు కోసమొచ్చిన."

ఆ మాట బెంచీల మీదుగా ముందుకు పోతూ పోతూ బలిసింది. రెండో వరుసకు చేరేసరికి, ట్రస్టు నుంచి వచ్చాడట అయింది. ముందు వరుసకు చేరేసరికి, హాజరు తనిఖీకి వచ్చిన పెద్దాఫీసరట అయింది. ధోవతి కట్టిన తీరు చూస్తే నమ్మకుండా ఉండటం కష్టమే.

అప్పుడే పాఠం చెప్పే సారు వచ్చాడు. బక్కపలుచని మనిషి, ఉంగరాల జుట్టు, బిగుతు ప్యాంటు. నాగరత్నం చెప్పినట్టే తల ఎత్తకుండా కుర్చీలో కూర్చున్నాడు. ముందు బెంచీ కుర్రవాడు లేచి చెవిలో ఏదో ఊదాడు. సారు ముఖంలో రంగు దిగిపోయింది. తల ఇంకా కిందికి దించి నంబర్లు పిలవడం మొదలుపెట్టాడు.

"నలభై రెండు."

"హాజర్ సార్!"

బాయిలర్ల హోరు మీదుగా పలకడానికి అలవాటుపడ్డ గొంతు అది. కిటికీ మీద పావురాలు లేచిపోయాయి. క్లాసంతా పక్కున నవ్వింది. సారు మాత్రం నవ్వలేదు. ఆడపిల్ల నంబరుకు మీసాల మనిషి పలికాడంటే అది తన మీద వేసిన పరీక్షేనని అతనికి రూఢి అయింది. ఏం చేస్తే తప్పో, ఏం చేయకుంటే తప్పో తెలియక నలభై రెండుకు హాజరు వేశాడు.

కొమురయ్య హాయిగా వెనక్కి వాలాడు. వచ్చిన పని అయిపోయింది. షిఫ్టు ముగిసేదాకా కదలకుండా కూర్చుంటే చాలు.

సారు పుస్తకం తెరిచాడు. నోరు తెరిచాడు. ఒకటే మాట వచ్చింది: "ఆర్థికశాస్త్రం." తర్వాత ఇంకేమీ రాలేదు. వెనక బెంచీ మీద నుంచి కొమురయ్య మర్యాదగా తల ఊపాడు, కానివ్వండి అన్నట్టు. ఆ ఊపుతో సారుకు ముచ్చెమటలు పట్టాయి. బల్ల సొరుగు లాగాడు. అందులో దారం కట్టిన ప్రశ్నపత్రాల కట్ట కనిపించింది. దసరా తర్వాత పెట్టవలసిన పరీక్షవి. మునిగేవాడికి తుంగ దొరికినట్టు ఆ కట్టను గబుక్కున పట్టుకున్నాడు.

"ఇవాళ పరీక్ష," అన్నాడు.

క్లాసు గొల్లుమంది. "సార్, పండుగైనంక అన్నరు గద సార్!" "పుస్తకం గిట్ట తేలె సార్!" ఎవరి మాటా వినకుండా ఆయన కాగితాలు పంచాడు. వెనక బెంచీ దగ్గరికి వచ్చి, కొమురయ్య ముందు ఒక ప్రశ్నపత్రం, ఒక తెల్లకాగితం రెండు చేతులతో పెట్టాడు.

"తమరు కూడా చూడండి సార్. ఏదైనా రాయదలచుకుంటే రాయండి."

"పనే గద సార్, చేస్త," అన్నాడు కొమురయ్య.

ప్రశ్నలు చదివాడు. ఐదో తరగతి దాకా చదివినవాడికి అక్షరాలు అందాయి గానీ సంగతి అందలేదు. అయినా బెదరలేదు. షిఫ్టు దిగేటప్పుడు కంపెనీలో రాసే నాలుగు ముక్కలు అతనికి నోటికి వచ్చు. కాగితం మీద నాగరత్నం పేరూ నంబరూ వేసి, కింద ఇలా రాశాడు: "డ్యూటీ ఎక్కడమైనది. అంతా సక్రమంగా ఉన్నది. ఎక్కడా కారుట లేదు. తరువాతి షిఫ్టుకు అప్పజెప్పడమైనది." కాగితం ఇచ్చి, సారుకు నమస్తే పెట్టి, తువ్వాల దులుపుకుని బయటికి వచ్చాడు.

సాయంత్రం జ్వరం కాస్త తగ్గి నాగరత్నం లేచి కూర్చుంది. కొమురయ్య జరిగిందంతా గొప్పగా చెప్పాడు. హాజరు దగ్గర ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. పరీక్ష దగ్గర నోరు తెరుచుకుంది.

"పరీచ్చ రాసినవా? నా పేరు మీదనా?"

"మరి? కాగితం ఇచ్చినంక ఊకె కూసుంటనా? అంతా సక్రమంగ ఉన్నదని రాసిన."

నాగరత్నం నెత్తి కొట్టుకుంది. పొక్కులు మండి మళ్ళీ ఏడ్చింది. "అయ్యో నాయినా! నేను రాకుంటే రాలేదని రాసి మల్ల ఒకసారి పెడుతుండ్రి. వచ్చి సున్న తెచ్చుకున్నోళ్ళకు మల్ల లేదు. తప్పినట్టే. స్కాలర్‌షిప్పు పోయినట్టే!"

"సున్న ఎందుకొస్తది బిడ్డా? తప్పేం రాయలె గద."

"పోయింది నువ్వు, ఫెయిలైంది నేను! చాపల పండుకొని ఫెయిలైన దాన్ని నేనొక్కదాన్నే ఉంట దునియాల!"

అరుణమ్మ చీపురు నేలకేసి కొట్టింది. "నీకెవలు చెప్పిన్రయ్యా పొమ్మని? కంపెనీల ట్యాంకులు కడిగేటోనివి కాలేజీ కడగవోయినవ్!"

నర్సింహమ్మ మాత్రం కొడుకును వెనకేసుకొచ్చింది. "వాడేం చేసిండే? అమ్మోరు ఇంట్ల ఉన్నప్పుడు గట్లనే అయితది. ఒల్లు దగ్గర పెట్టుకోండ్రి."

ఆ దసరా ఆ ఇంట్లో పోపు లేదు, పలకరింపు లేదు. వేపకొమ్మలు చూసి ఎవరూ గడప తొక్కలేదు. తండ్రి ఎదురుపడ్డప్పుడల్లా నాగరత్నం గోడవైపు తిరిగి పడుకుంది. కంపెనీలో కూడా పూజలకని నాలుగు రోజులు పని ఆపారు. దానితో కొమురయ్య తిట్లు తినడానికి పొద్దంతా ఇంట్లోనే దొరికాడు.

అమ్మవారికి నీళ్ళు పోసి సాగనంపాక, కాలేజీ తెరిచిన రోజున తండ్రీ కూతుళ్ళు పటాన్‌చెరు పోయారు. గోడ మీద మార్కులు అంటించి ఉన్నాయి. నలభై రెండుకు ఎదురుగా సున్నా. దాని చుట్టూ ఎర్ర సిరా. స్కాలర్‌షిప్పు ఆపమని ట్రస్టుకు పంపవలసిన పేర్లలో నాగరత్నం పేరు మొదట ఉంది.

ప్రిన్సిపాల్ గదిలో కనకమహాలక్ష్మి మేడం కూర్చుని ఉంది. అసలు ప్రిన్సిపాల్ పొడుగు సెలవులో ఉన్నాడు. ఆమె ఇన్‌ఛార్జి. అందుకే పెద్ద కుర్చీని ఖాళీగా ఉంచి, పక్కన చిన్న కుర్చీలో కూర్చుంటుంది. కొమురయ్య ఆ రెండు కుర్చీలనూ చూశాడు.

"అంటే మేడం, మీరు గూడ..." అని మొదలుపెట్టాడు. నాగరత్నం అతని మోచెయ్యి గిల్లింది.

కొమురయ్య దాచుకోవడం తెలియని మనిషి. ఆటలమ్మ నుంచి అప్పజెప్పడం దాకా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆటలమ్మ మాట వినగానే మేడం కుర్చీ వెనక్కి జరుపుకుంది. పరీక్ష మాట వినగానే మళ్ళీ ముందుకు జరుపుకుంది.

"ఏమయ్యా, ఏం చెప్తున్నావో తెలుస్తోందా? ఆ పరీక్ష మీ అమ్మాయి రాసిందంటే సున్నా. స్కాలర్‌షిప్పు పోతుంది. నువ్వు రాశావంటే అది దొంగ పరీక్ష. మీ అమ్మాయిని కాలేజీ నుంచే తీసెయ్యాలి."

"రెంటిట్ల ఏది చిన్నది మేడం?"

"రెండూ పెద్దవే!"

"మేడం, నేను చాపల లేవలేక పండుకున్న," అంది నాగరత్నం. ముఖం మీద ఆరుతున్న మచ్చలు చూపించింది. "నేను రాలె. నాయినను నేను పంపలె. ఎట్ల చూసినా తప్పు నా మీదికే వస్తున్నది. ఇది పోతే నేను గోలీలు పొట్లాలు కట్టవోవాలె మేడం."

మేడం కణతలు నొక్కుకుంది. "మీసాల మనిషి కూర్చుని ఆడపిల్ల పేరుతో పరీక్ష రాస్తే, పాఠం చెప్పే ఆయన చూడలేదంటే నేనెట్లా నమ్మను?" అని బంట్రోతును పంపి సూర్యారావును పిలిపించింది.

సూర్యారావు వచ్చాడు. లావుపాటి మనిషి, బట్టతల, చంకలో గొడుగు. విషయం విని మండిపడ్డాడు.

"అబద్ధం మేడం! పరీక్ష పెట్టింది నేను. కాగితాలు పోగుచేసింది నేను, ఈ చేతులతో. ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చుని రాసింది, నాకు బాగా గుర్తు. ఈ మనిషెవరండీ? నా జన్మలో చూళ్ళేదు."

కొమురయ్య సూర్యారావును కిందినుంచి పైకీ, పైనుంచి కిందికీ చూశాడు.

"నేను గూడ మిమ్ముల చూల్లే సార్," అన్నాడు వినయంగా. "మీరెవలు?"

సూర్యారావు గొడుగును ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చాడు.

"ఈయనే సూర్యారావు సారు నాయినా," అంది నాగరత్నం మెల్లగా.

"కాదు బిడ్డా. ఆ దినమొచ్చిన సారు బక్కగుంటడు. ఉంగరాల ఎంటికెలు. గీ సారుకు ఎంటికెలే లేవు."

మేడం చూపు సూర్యారావు మీదికి తిరిగింది. సూర్యారావు చూపు గొడుగు మీదికి తిరిగింది. ఉంగరాల జుట్టు మనిషి ఎవరో కాలేజీలో అందరికీ తెలుసు. సాయంత్రాలు స్కూటరు మీద సూర్యారావును ఎక్కించుకుపోయే ఆయన బామ్మర్ది.

"ఆ రోజు మీరెక్కడున్నారండీ?" అంది మేడం.

"అది... కిష్టారెడ్డిపేటలో నా ప్లాటు మేడం. హద్దురాళ్ళు పక్కవాడు జరిపేశాడని కబురొచ్చింది. పండగ ముందు రోజు కదా, పాఠం వినేదెవరు, ఊరికే హాజరు తీసి వచ్చెయ్యమన్నాను. వాడు భయపడి పరీక్ష పెట్టి కూర్చున్నాడు. పెట్టిన పరీక్ష దిద్దకపోతే ఎందుకు దిద్దలేదంటారని దిద్దేశాను."

కొమురయ్య ముఖం విప్పారింది. ఇంతసేపటికి ఆ కాలేజీలో తన భాష తెలిసిన మనిషి దొరికాడు.

"గట్ల చెప్పున్రి సార్! మీది గూడ బదిలీనే! బామ్మర్దే గద? మాది గూడ బామ్మర్దే. గీ ముచ్చట ముందే తెలిస్తే ఇంత పరేషాన్ లేకుండె. బదిలీ సారు బదిలీ పిల్లకు పెట్టిన పరీచ్చ, ఇందుల తప్పెవలది మేడం?"

మేడం కాగితం ముందుకు లాక్కుని కలం మూత తీసింది. ఈ పిల్ల మీద రాయాలంటే తండ్రి సంగతి రాయాలి. తండ్రి సంగతి రాయాలంటే సూర్యారావు సంగతి రాయాలి. సూర్యారావు సంగతి రాస్తే, ఇది జరుగుతుంటే ఇన్‌ఛార్జి ఏం చేస్తోందని పైవాళ్ళు అడుగుతారు. ఆమె పక్కనున్న పెద్ద కుర్చీ వైపు ఆశగా చూసింది. అందులో ఎవరూ లేరు.

"ఆ రోజు క్లాసు జరగలేదు," అంది చివరికి. "లెక్చరరు లేడు కనుక క్లాసు లేదు. క్లాసు లేదు కనుక పరీక్ష లేదు. అందరి మార్కులూ రద్దు. సూర్యారావు గారూ, వచ్చే వారం కొత్త ప్రశ్నలతో మళ్ళీ పెట్టండి. మీరు. స్వయంగా."

సూర్యారావు గొడుగు కౌగిలించుకుని తల ఊపాడు.

"మరి నా హాజరు మేడం?" అంది నాగరత్నం.

"జరగని క్లాసుకు హాజరేంటమ్మా, గైర్హాజరేంటి? అటూ లేదు, ఇటూ లేదు."

నాగరత్నం మనసులో లెక్క వేసుకుంది. గీత మీద ఉన్న హాజరు గీత మీదే ఉంది. తండ్రి ఇంట్లో కూర్చుని బీడీ మిగతా సగం కాల్చి ఉంటే అది గీత కిందికి జారేది. ఆ మాట అతనితో అనలేదు. అంటే మళ్ళీ ఇంకేమైనా చేస్తాడని భయపడింది.

బయటికి వచ్చాక కొమురయ్య ఛాతీ ముందుకొచ్చింది. "చూసినవా బిడ్డా? నేను పోకుంటే ఆ బామ్మర్ది దొరుకుతుండెనా?"

"నువ్వు పోకుంటే ఆ పరీచ్చనే లేకుండె నాయినా," అంది నాగరత్నం. అయినా బస్సులో తండ్రి పక్కనే కూర్చుంది. దసరా ముందు రోజు తర్వాత అతని పక్కన కూర్చోవడం అదే మొదలు.

ఇంటికి వచ్చేసరికి వాకిట్లో మంచం మీద యాదగిరి కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద కొత్త నీలం యూనిఫారం, కాళ్ళకు బూట్లు. బావను చూడగానే లేచి నిలబడ్డాడు. కొత్త అల్లుడిలా సిగ్గుపడుతున్నాడు.

"ఏందిరా ఈ యేషం?"

"బావా, కోపానికి రాకు. ఇన్ని దినాలు చెప్పనీకె భయమైంది. ఆ దినం డ్యూటీకి పొమ్మంటివి గద. కంపెనీకి పెద్దసారు వచ్చిండు. ఏండ్ల సంది చేస్తున్న బదిలోళ్ళను పర్మినెంటు చేస్తున్నమన్నడు. కొమురయ్య అని పిలిచిన్రు. నువ్వు చెప్పినట్టు ఊ అన్న. కెమెరా ముందట నిలవడమన్నరు, నిలవడ్డ. సంతకమన్నరు, పెట్టిన." జేబులోంచి గేటు కార్డు తీసి ఇచ్చాడు. "నిన్ననే వచ్చిందంట. నువ్వు కాలేజీకి పోతివని ఇయ్యాల గూడ నీ పేరు మీద నేనే పోతే, నా మొకం చూసి ఇచ్చిన్రు. ఫోటో నాదే గద మరి."

కొమురయ్య కార్డు వెలుతురుకు పట్టి చూశాడు. కింద అతని పేరు ఉంది. తండ్రి పేరు ఉంది. ఊరి పేరు ఉంది. పైన నవ్వుతున్నది యాదగిరి. ఏండ్ల తరబడి ఎవరి ముఖమూ చూడని కంపెనీ ఆ ఒక్క రోజే చూసింది.

"నేను కాదని చెప్పకపోయినవారా, దొంగ సచ్చినోడా!"

"ఎట్ల చెప్పాలె బావా? నోరు తెరువకంటివి గద!"

కొమురయ్య మంచం మీద కూలబడ్డాడు. మర్నాడు పోయి సూపర్‌వైజరుకు మొరపెట్టుకుంటే, ఆయన కార్డు చూసి, మనిషిని చూసి, "నువ్వు కొమురయ్యవని రుజువేంది?" అన్నాడు. ఎక్కువ మాట్లాడితే కార్డు రద్దయి ఇద్దరికీ లేకుండా పోతుందని కూడా అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అన్నాలు అలాగే ఉండిపోయాయి. యాదగిరి గోడ పట్టుకుని ఏడ్చాడు. "నాకొద్దు బావా ఈ నౌకరి, నా ఆటో నాకు చాలు. కిష్టప్ప చేతిల అది ఇప్పటికే మూడు గేర్లు మర్చిపోయింది."

చివరికి అరుణమ్మ కొంగు నడుముకు చెక్కింది. మొగుణ్ణి చూసింది, తమ్ముణ్ణి చూసింది.

"తమ్మీ, నీకు రేపటి సంది జరం."

"ఎన్ని దినాలక్కా?"

"రిటైరయ్యేదాక."

వారం తిరిగేసరికి సూర్యారావు స్వయంగా పెట్టిన పరీక్షను నాగరత్నం స్వయంగా రాసి పాసయింది. ట్రస్టు జాబితాలో ఆమె పేరు నిలిచింది, ప్యాకింగు కాంట్రాక్టరు స్కూటరు వేరే వీధిలో ఆగడం మొదలుపెట్టింది. బొల్లారంలో మాత్రం పర్మినెంటు మనిషి కొమురయ్యకు జ్వరం ఇంకా తగ్గలేదు. అతని బదులు రోజూ బదిలీ మనిషిగా కొమురయ్యే పోతున్నాడు.